బడిలో మా కుర్చీ

మా ముత్తాతగారి కాలంలో తిరువూరు చుట్టుపక్కల గట్టు తగాదా వస్తే ఎవరూ కోర్టుకు వెళ్ళేవారు కాదు, మా ఇంటి సావిట్లోకి వచ్చేవారు. ఆయన చెప్పిందే తీర్పు. దొరల కాలపు అధికారి ఎవరైనా గుర్రం మీద వస్తే మా వీధి మొదట్లోనే దిగి, మా గడప దాకా నడిచి వచ్చేవాడని ఇంట్లో చెప్పుకునేవారు. మా తాతగారు జిల్లా బోర్డులో మెంబరు. ఊళ్ళో పెద్ద బడి కట్టిన స్థలం ఆయన ఇచ్చిందే. మా నాన్నగారు ఏమీ కాలేదు. ఏమీ కాకుండా ఇస్త్రీ పంచె కట్టుకుని రోజంతా పడక్కుర్చీలో కూర్చోవడానికి కూడా ఒక హోదా కావాలి, అది ఆయనకు నిండుగా ఉండేది. వాళ్ళకు నేనొక్కదాన్నే వారసురాలిని. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. ఇది తెలియకపోతే బడిలో మా కుర్చీ సంగతి అర్థం కాదు.

మొన్న మా పిన్ని కూతురి కూతురు దోహా నుంచి ఫోన్ చేసింది. అక్కడ తన పాపను ఇంగ్లీషు వాళ్ళు నడిపే బడిలో వేసింది. ఫోన్ చేసినప్పుడల్లా ఆ బడి గురించే చెబుతుంది. ఈసారి చెప్పింది ఇదీ. "పెద్దమ్మా, ఇక్కడ పిల్లలకి చదువెలా వస్తోందో చూసే ముందు పిల్లలు ఎలా ఉన్నారో చూస్తారు. ఒక రోజంతా ఒక టీచరు మన పాప సైజు కుర్చీలో, పాప పక్కనే కూర్చుంది. దానికి బోర్డు ఎలా కనపడుతోందో, ఏ టైముకి నీరసపడుతోందో, ఎవరితో మాట్లాడట్లేదో అన్నీ చూసింది. కొత్త పద్ధతంట." నేను, "కొత్తదేం కాదు. తిరువూరులో మా అత్తయ్య చేసింది" అన్నాను. "తిరువూరులోనా" అని ఆ పిల్ల నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. కానీ ఫోన్ పెట్టేశాక మా అత్తయ్య బూట్లు గుర్తొచ్చాయి. ఆవిడ చీర కింద బూట్లు వేసుకునేది. ఆ బూట్ల చప్పుడు మా ఇంటి నడవాలో వినపడి యాభై ఏళ్ళు కావొస్తోంది. ఇంత పొద్దుపోయిన వయసులో కూడా ఆ చప్పుడు తలుచుకుంటే నా వెన్ను నిటారుగా అవుతుంది.

డెబ్బైల నడిమి ఏళ్ళు అవి. పొలాలు చాలావరకు చేతులు దాటాయి. ఉన్నవి ఉన్నాయా అన్న సంగతి ఇంట్లో మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడని సంగతులు మా ఇంట్లో చాలా ఉండేవి. అన్నిటికన్నా పెద్ద నియమం, నోరు తెరిచి ఏదీ అడగకూడదని. అడగటం మా గడపలోకి వచ్చేవాళ్ళ పని, ఇవ్వటం మా పని. అన్నం తింటుంటే ఇంకాస్త పప్పు కావాలనుకోండి, విస్తట్లో పప్పు అయిపోయిన చోటు వంక ఒకసారి చూడాలి. వడ్డించేవాళ్ళు కనిపెట్టాలి. కనిపెట్టకపోతే మజ్జిగ పోసుకుని లేవాలి. మా నాన్నగారు ఒకసారి విజయవాడ వెళ్ళాలని బస్టాండుకు వెళ్ళి, ఏ బస్సు విజయవాడదో ఎవరినీ అడగలేక, మూడు బస్సులు వెళ్ళిపోయేదాకా గొడుగు ఆనుకుని నిలబడి, ఇంటికి తిరిగొచ్చి, మనసు మార్చుకున్నానని చెప్పారు. ఎవరూ నవ్వలేదు. మా నాయనమ్మ కాఫీ పంపించింది. నేను ఆ ఇంట్లో పెరిగాను. జ్వరం వస్తే నాకు జ్వరంగా ఉందని చెప్పేదాన్ని కాదు, ఎవరైనా నుదుటి మీద చెయ్యి వేసేదాకా కూర్చునేదాన్ని.

నన్ను పెద్ద బడిలో ఆరో తరగతిలో వేసిన రోజు మా పాలేరు నా ముందు ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని నడిచాడు. టేకు కుర్చీ, పేము అల్లిక, చేతుల చివర సింహం పంజాలు. బడివాళ్ళు కుర్చీ తెమ్మనలేదు. మిగతా పిల్లలు కొందరు బల్లల మీద, చాలామంది నేల మీద కూర్చునేవాళ్ళు. బడి స్థలం ఇచ్చిన ఇంటి పిల్ల నేల మీద ఎలా కూర్చుంటుందని మా నాయనమ్మ పంపించింది. హెడ్మాస్టారు ఎంతో మర్యాద గల మనిషి, ఆదివారం చర్చిలో ప్రసంగం చేసేవారు. ఆయన ఆ కుర్చీని చూసి, దానికి తగిన చోటు కోసం తరగతి అంతా కలియజూసి, మాస్టారి మేజా పక్కన, అరుగు మీద వేయించారు. అంటే నేను పిల్లల వైపు తిరిగి కూర్చునేదాన్ని. నల్లబల్ల నా ఎడమ భుజం వెనక ఉండేది. చూడాలంటే మెడ పూర్తిగా వెనక్కి తిప్పాలి. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు మా నాయనమ్మ చెప్పిన మాటలు రెండే, "వెన్ను వాల్చకు. అటూ ఇటూ దిక్కులు చూడకు." నేను వెన్ను వాల్చలేదు, దిక్కులు చూడలేదు.

ఆ విధంగా ఏడాది పైన నేను బోర్డు చూడకుండా చదువుకున్నాను. తెలుగు చెవితో వచ్చేసేది. సాంఘిక శాస్త్రం మాస్టారు గట్టిగా కథలాగా చెప్పేవారు కాబట్టి అదీ వచ్చేది. లెక్కలు మాత్రం రాలేదు. మా లెక్కల మాస్టారి పాఠమంతా ఇది, అది, ఇక్కడ, అక్కడ అనే నాలుగు మాటల మీద నడిచేది. "ఇది తీసుకెళ్ళి అక్కడ వేస్తే, అది ఇక్కడికొస్తుంది, తెలిసిందా" అనేవారు. పిల్లలంతా తెలిసిందండీ అనేవాళ్ళు. నా ఒళ్ళో సుద్దపొడి రాలేది. నా కళ్ళ ముందు ఉన్నవి పిల్లల ముఖాలే. ఎవరు తెలిసిందని అబద్ధమాడుతున్నారో నాకు తెలిసేది. తెల్లారకముందే కలుపు తీతకు వెళ్ళి వచ్చిన పిల్లలు ఎవరో కూడా తెలిసేది, రెండో గంటకల్లా వాళ్ళ కళ్ళు వాలిపోయేవి. నల్లబల్ల మీద ఏముందో మాత్రం నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. మాస్టారు నాకు ఇంటి దగ్గర వేరే పంతులు చెబుతున్నాడనుకున్నారు. పిల్లలు నాకన్నీ ముందే వచ్చనుకున్నారు. మా ఇంట్లోవాళ్ళు అనుకున్నది అన్నిటికన్నా విచిత్రం. పంతులికి అంత దగ్గర కూర్చున్న పిల్లకు అందరికన్నా ఎక్కువ చదువు అంటుకోవాలి కదా అనుకున్నారు, అగరొత్తి పక్కన కూర్చుంటే వాసన అంటుకున్నట్టు.

అంటుకోలేదని ఏడో తరగతి మొదటి పరీక్షల్లో బయటపడింది. అప్పట్లో ఏడో తరగతికి సర్కారు పరీక్ష ఉండేది. తప్పినవాళ్ళెవరో ఊరందరికీ తెలిసేది. మా నాయనమ్మ పెద్ద గొడవ చేయలేదు, ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు. తమలపాకు ఈనె తీస్తూ నాన్నగారితో చెప్పింది. "మన పిల్ల తప్పిందని ఊరంతా చెప్పుకునే దాకా తెచ్చుకోవటం దేనికి. దసరా సెలవులకి మాన్పించెయ్. అక్షరాలు వచ్చాయి, చాలు. చదువమ్ముకుని బతకాల్సిన రాత మనకేం లేదు." నాన్నగారు తల ఊపారు. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గుమ్మం పక్కన నిలబడి విన్నాను. నాకు బడి మానటం ఇష్టం లేదు. ఇంట్లో నేను కాక నాయనమ్మ, నాన్నగారు, అమ్మ ముగ్గురే, అందులో అమ్మ మాట్లాడదు. బడిలో ప్రపంచం ఉంది. ఇంకొకటి కూడా ఉంది. నా వెనక ఉన్న ఆ నల్లబల్ల మీద ఏముందో చూడకుండా వెళ్ళిపోవటం నాకు భరించరానిదిగా తోచింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ముసురు పట్టిన ఒక సాయంత్రం, విజయవాడ బస్సులో మా అత్తయ్య దిగింది. నాన్నగారి చెల్లెలు. మామయ్య జాంబియాలో రాగి గనుల్లో ఇంజనీరు. పెళ్ళయిన ఏడాదే ఆవిడ ఆయనతో వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరూ ఆఫ్రికా అత్తయ్య అనేవాళ్ళు, వరస కానివాళ్ళు కూడా. మామయ్య ఉద్యోగం ఒప్పందం ముగిసి, కొత్తది రాసుకునే లోపు వచ్చిన పొడుగాటి సెలవుకు ఆవిడ ఒక్కతే వచ్చింది. నేను ఆవిడను ఊహ తెలిశాక చూడటం అదే మొదలు. ఎత్తుగా ఉంది. చేతికి మగవాళ్ళ గడియారం. చక్కెర లేకుండా టీ తాగింది. మా నాయనమ్మ ఎదురుగా మోకాలి మీద మోకాలు వేసుకుని కూర్చుంది, ఇల్లు కూలిపోలేదు. నేను గోడ పక్కనుంచి చూస్తూ, మా ముత్తాతగారికి ఆడరూపం ఉంటే ఇలాగే ఉండేదేమో అనుకున్నాను.

మర్నాడు పొద్దున నా పక్కన మెట్టు మీద కూర్చుని, "నిద్ర పట్టిందా" అంది. అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. పట్టింది అన్నాను.

"కళ్ళు చూస్తే పట్టినట్టు లేదే. ఇవాళ నీకు దేనికైనా భయంగా ఉందా?"

"మన ఇంట్లో భయపడరు అత్తయ్యా."

ఆవిడ నవ్విన నవ్వుకు టీ చీర మీద ఒలికింది. "ఎవరు చెప్పారే, మీ నాయనమ్మా? పిడుగు పడితే పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది మీ నాయనమ్మ. నా చెయ్యి ఎన్నిసార్లు నలిగిందో." నేను చుట్టూ చూశాను, ఎవరైనా విన్నారేమోనని. మా ఇంట్లో అలాంటి మాట గోడల మధ్య పుట్టడం అదే మొదలు. గోడలకు ఏమీ కాలేదు.

ఆవిడ అక్కడ గనుల ఊళ్ళో ఇంగ్లీషు వాళ్ళ పిల్లలు చదివే బడిలో పని చేసేది. మొదట పిల్లల బాగోగులు చూసే పనిలో చేరింది. అదొక ఉద్యోగమని నాకు చాలా రోజులు నమ్మకం కుదరలేదు. పిల్ల తిన్నదా, పడుకుందా, ఇంటి మీద బెంగ పెట్టుకుందా అని చూడటమే పని, దానికి జీతం. తరవాత పాఠాలు చెప్పటం మొదలుపెట్టింది. అక్కడ మధ్యాహ్నం తిన్నాక పిల్లలంతా చాపల మీద వెల్లకిలా పడుకుని కప్పు చూస్తూ ఊరుకోవాలట, అదీ ఒక పీరియడే. పాఠం అర్థం కాకపోతే చెయ్యి ఎత్తిన పిల్లను మెచ్చుకుంటారట. ఎత్తని పిల్ల దగ్గరకు వెళ్ళి ఒంట్లో బాగుందా అంటారట. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఏనుగుల గురించి, జలపాతాల గురించి కూడా ఆవిడ చెప్పింది కానీ అవేవీ నన్ను అంత ఆశ్చర్యపెట్టలేదు. ఏనుగులుంటాయని నాకు ముందే తెలుసు.

ఆవిడ చెప్పినవాటిలో ఒకటి మాత్రం మా ఇంటి కథను మార్చేసింది. ఆ బడిలో ఒక కుర్రాడు ఎప్పుడూ కోపంగా ఉండి పుస్తకాలు విసిరేసేవాడట. వాడి మీద ఫిర్యాదు చేయటానికి అత్తయ్య ఆ బడి నడిపే పెద్దదొరసాని దగ్గరకు వెళ్ళింది. ఆ దొరసాని ఫిర్యాదు వినలేదు. "రేపు ఒక పూట వాడి కుర్చీలో కూర్చుని రా, తరవాత చెప్పు" అందట. "కూర్చున్నానే. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా కిటికీలోంచి ఎండ సూటిగా కళ్ళల్లో. నాకే ఏదో ఒకటి విసిరెయ్యాలనిపించింది" అని చెప్పింది. కుర్చీ జరిపారు, కుర్రాడు మామూలైపోయాడు. ఆ తరవాత ఆ బడిలో ఏ పిల్ల గురించైనా తీర్పు చెప్పాలంటే ముందు ఆ పిల్ల చోట కూర్చోవటం ఆవిడకు అలవాటైంది.

అందుకే మా నాయనమ్మ దసరాకి బడి మాన్పించే సంగతి చెప్పినప్పుడు, అత్తయ్య వాదన పెట్టుకోలేదు. "సరేలే అమ్మా. మాన్పించేముందు నేనొక పూట దాని కుర్చీలో కూర్చుని వస్తా" అంది.

"నువ్వు బడికెళ్ళి కూర్చుంటావా? మన ఇంటి ఆడపిల్ల వీధిలో నడిచి?"

"ఆఫ్రికాలో నడిచానుగా అమ్మా, తిరువూరులో నడవలేనా."

నడిచింది. మా ఇంటి ఆడవాళ్ళు పగటిపూట వీధి మధ్యన నడవటం ఊరు చూసింది అదే మొదలు. నేను పక్కన పరిగెత్తినట్టు నడిచాను. చిల్లర కొట్లో ఆయన లేచి నిలబడ్డాడు. ఎడ్ల బళ్ళు ఆగాయి. ఆవిడ ఎవరినీ చూడకుండా, ఎవరి నుంచీ ముఖం తిప్పుకోకుండా, బురదలో బూట్లతో నడిచింది. తరగతిలోకి వెళ్ళేసరికి లెక్కల మాస్టారు కంగారుపడి, చేతిలో సుద్దముక్క జేబులో వేసుకున్నారు. "అమ్మా, తమరు వచ్చారా. ఆఫీసు గదిలోంచి మంచి కుర్చీ తెప్పిస్తానండి" అన్నారు. "వద్దండీ. అమ్మాయి రోజూ కూర్చునే చోటే కూర్చుంటాను. మీరు పాఠం చెప్పండి, నేను లేననుకోండి" అంది. లేననుకోవటం ఎవరివల్లా కాలేదు. ఆవిడ సింహం పంజాల మధ్య చేతులు పెట్టి, వెన్ను వాల్చకుండా, నేను కూర్చున్నట్టే కూర్చుంది. నాకు చోటు లేక, ఆడపిల్లల వరసలో నీళ్ళకుండ పక్కన నేల మీద ఖాళీ కనపడితే అక్కడికి వెళ్ళాను.

అక్కడ ఎప్పుడూ కూర్చునే పిల్ల, వాళ్ళమ్మా నాన్నా పొలం పనులకు వెళ్ళేవాళ్ళు, మెడలో నల్లతాడుకు చిన్న సిలువ, నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏంటి దొరసానీ, కింద కూర్చోటం వచ్చా, నేర్పించాలా?" అంది. చుట్టూ పిల్లలు మూతులు మూసుకుని నవ్వారు. నేను కూర్చున్నాను. ఆ పిల్లే కాస్త జరిగింది. "లంగా సర్దుకో, కుండ కారుతది" అంది.

తల ఎత్తాను. ఎదురుగా నల్లబల్ల. ఇంత పెద్దదని నాకు తెలియదు. మాస్టారు దాని మీద ఒక గీత గీశారు, దాని చివరనుంచి ఇంకొకటి, ఆ రెండిటి కొసలూ కలుపుతూ మూడోది. త్రిభుజం అనే మాట ఏడాదిగా వింటున్నాను. దాని ముఖం చూడటం ఆ రోజే. "ఇది ఇక్కడిదాకా పొడిగిస్తే" అన్నారు మాస్టారు, పొడిగించారు, ఇది అంటే ఏదో, ఇక్కడ అంటే ఎక్కడో నాకు కనపడింది. సుద్దగీత నల్లటి చెక్క మీద అంత తెల్లగా, అంత సూటిగా సాగుతుంటే నా ఒళ్ళు జలదరించింది. తరవాత జీవితంలో నేను సముద్రం చూశాను, బృహదీశ్వరాలయం చూశాను. అవేవీ ఆ గీతంత కాదు. అందరూ ఇన్నాళ్ళూ ఇది చూస్తూ ఉన్నారా, చూస్తూ కునికిపాట్లు పడుతున్నారా అని పిల్లల వంక చూశాను. పక్కనున్న పిల్ల ఆవులిస్తోంది.

ఆ సాయంత్రం మాట్లాడుకున్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే మా ఇంట్లో అంతసేపు మాట్లాడుకోవటం నేను విననే లేదు. నాయనమ్మ సావిట్లో బల్ల మీద, అత్తయ్య ఎదురుగా నేల మీద.

"అమ్మా, ఆ కుర్చీలోంచి బోర్డు కనపడదు."

"పంతులు పక్కనేగా వేసింది."

"పంతులు వీపు కనపడుద్ది. సుద్దపొడి ఒళ్ళో పడుద్ది. అంతే."

"ఏడాదిపైగా కనపడకపోతే పిల్ల నోరు తెరిచి చెప్పదా?"

"ఎవరితో చెబుద్ది? అడగొద్దని నువ్వేగా నేర్పావు."

నాయనమ్మ బల్ల మీద కాస్త ముందుకు జరిగింది. "అయితే ఏమంటావ్, కూలోళ్ళ పిల్లల పక్కన నేల మీద కూర్చోబెట్టమంటావా? ఆ స్థలం ఎవరిదనుకున్నావే?"

"మనదే. మన స్థలంలో ఊళ్ళో పిల్లలందరికీ బోర్డు కనపడుతోంది, మన పిల్లకి తప్ప."

దీపం ఒత్తి సరిచేయటానికి అమ్మ వచ్చి, ఇద్దరినీ చూసి, సరిచేయకుండానే వెళ్ళిపోయింది. నాయనమ్మ జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. ఆవిడ కోపగించుకుంటుందనుకున్నాను. దసరా దాకా కూడా ఆగదు, రేపే మాన్పిస్తుంది అనుకున్నాను. ఆవిడ మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది.

"శ్రీరామనవమికి పందిట్లో నాకు కుర్చీ ఎక్కడేస్తారో తెలుసుగా. మీ నాన్న పోయినా అక్కడే వేస్తున్నారు. పురోహితుల పక్కన, అందరికన్నా ముందు."

"అవును."

"అక్కడ పందిరి రాట అడ్డం. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ తాళి కట్టటం నేను ఒక్కసారి చూడలేదే. బాజాలు వినపడతాయి, ఆహా కట్టారు కాబోలని అక్షింతలు వేస్తా."

అత్తయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "మరి కాస్త జరపమని ఒక్క మాట..."

"మనం అడుగుతామా" అంది నాయనమ్మ. అని తనే ఆ మాట విన్నట్టు ఆగిపోయింది. అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ ఆవిడ ముఖంలో అంత ఆశ్చర్యం నేను చూడలేదు. లోపలికి వెళ్తూ నా దగ్గర ఆగి, నా తల మీద చెయ్యి వేసింది. "ఎక్కడినుంచి కనపడితే అక్కడ కూర్చో" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "కుర్చీ మాత్రం అక్కడే ఉండాలి" అంది. ఉంది. నేను ఆ బడి వదిలేదాకా అది అరుగు మీదే ఖాళీగా ఉంది. లెక్కల మాస్టారు దాని మీద గొడుగు పెట్టుకునేవారు, అప్పుడు కూడా మా కుర్చీ అని ముందు ఒకసారి తుడిచి.

చూపు దొరికింది కానీ ఏడాది చదువు వెనక పడి ఉంది. మాన్పించటం దసరా నుంచి సర్కారు పరీక్షకు వాయిదా పడింది, అంతే. అందులో తప్పితే బడి అక్కడితో సరి. అత్తయ్యకు లెక్కలు బాగా వచ్చు. నాకు చెబుతుందనుకున్నాను, చెప్పలేదు. "నేను సంక్రాంతి పండగ దాటాక వెళ్ళిపోతా. మాస్టారు ఇక్కడే ఉంటారు. రోజూ ఒక్క తెలియని సంగతి ఆయన్ని అడిగి రా. ఆయనేం చెప్పారో నాకు చెప్పు" అంది. సాయంత్రం ఇంటికి రాగానే, "ఏం తిన్నావ్, ఎవరితో ఆడావ్, ఏం అడిగావ్" అనేది. మొదటి రెండిటికీ జవాబు ఉండేది. మూడోదానికి ఉండేది కాదు. లేచి నిలబడాలని ప్రతి రోజూ అనుకునేదాన్ని. లేవలేకపోయేదాన్ని. మా ముత్తాతగారు, తాతగారు నా భుజాల మీద చెరో చెయ్యి వేసి కూర్చోబెట్టినట్టు ఉండేది. అత్తయ్య తిట్టేది కాదు. "పర్లేదు, రేపు" అనేది. నేను బడిలో చూసిన ముఖాల గురించి చెబితే మాత్రం గంటలు వినేది. ఏ పిల్లకు ఆకలి, ఎవరు తెలిసిందని అబద్ధమాడతారు, ఎవరు అన్నకు భయపడతారు, అన్నీ చెప్పాను. "ఇవన్నీ నీకెలా తెలుసే" అంది. అరుగు మీద కూర్చుని చూసేదాన్నిగా అన్నాను. ఆవిడ నన్ను దగ్గరకు లాక్కుని, "మా బళ్ళో ఇది నేర్చుకోటానికి నాకు రెండేళ్ళు పట్టింది" అంది. నాకు తెలిసింది కూడా ఒక చదువేనని నాతో అన్నది ఆవిడ ఒక్కతే.

ఒక రోజు మాస్టారు భిన్నాలు చెబుతున్నారు. భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించండి అన్నారు. తెలిసిందా అన్నారు. తెలిసిందండీ అని తరగతి అరిచింది. నేను అందరి ముఖాలూ చూశాను, అలవాటు కొద్దీ. ఒక్కరికీ తెలియలేదు. నీళ్ళకుండ దగ్గర పిల్ల అందరికన్నా గట్టిగా అరిచింది, దానికి అసలు తెలియలేదు. ఏమైందో నాకు తెలియదు, లేచి నిలబడ్డాను.

"సార్, నాకు అర్థం కాలేదు. తలకిందులు ఎందుకు చెయ్యాలి?"

మాస్టారు నా వంక చూశారు, ఖాళీ కుర్చీ వంక చూశారు, మళ్ళీ నా వంక చూశారు. చేతిలో సుద్దముక్క మేజా మీద పెట్టి, చేతులు తుడుచుకున్నారు. "కూర్చోండి అమ్మాయిగారూ. చెబుతాను" అన్నారు. ఆయన పై పంచెలో కట్టుకున్న మధ్యాహ్నం రొట్టె విప్పి, దాన్ని ముక్కలు చేసి, ఒక రొట్టెలో పావు ముక్కలు ఎన్ని ఉంటాయో చూపించారు. తలకిందులు ఎందుకు చేస్తామో అందరికీ కనపడింది. నా పక్కనున్న పిల్ల నా మోచేతిని పొడిచి, "నీకూ తెలీదా?" అంది. తెలీదు అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసి, లేచి నిలబడింది. "సార్, నాకు నిన్నటిది కూడా తెలీదు" అంది. వెనకనుంచి ఒక కుర్రాడు లేచాడు. తరవాత ఇంకొకరు. స్థలం ఇచ్చిన ఇంటి పిల్లకే తెలియనప్పుడు తమకు తెలియకపోతే తప్పేముందని అందరికీ ఒకేసారి తోచింది. బెల్లు కొట్టారు, ఎవరూ లేవలేదు. మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళూ తెలిసిందండీ అనే జవాబు ఒక్కటే విన్న మనిషి ఆయన. రొట్టె మొత్తం అయిపోయింది, ఆ రోజు ఆయన ఏం తిన్నారో తెలియదు.

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ లేచి, బూట్లు విప్పి, నా పక్కన మెట్టు మీద కూర్చుని చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది. పిడుగేం పడలేదు.

ఆవిడ అన్నట్టే పండగ దాటాక వెళ్ళిపోయింది. బస్సు కదిలేముందు కిటికీలోంచి, "ఏం అడిగావ్ అని అడగటానికి నేను లేననుకోకు" అంది. సర్కారు పరీక్ష ఎండల్లో జరిగింది. లెక్కల పేపరులో భిన్నాలు వచ్చాయి. నేను పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు. నీళ్ళకుండ దగ్గర పిల్లకు నాకన్నా ఎక్కువ వచ్చాయి, ఆ సంగతి బడి ముందు నిలబడి నాకు రెండుసార్లు చెప్పింది. నాయనమ్మ పటికబెల్లం పంచింది, నన్ను మాన్పించే మాట మళ్ళీ ఎత్తలేదు. నేను తరవాత టీచరు ట్రెయినింగు చేసి, విస్సన్నపేట వైపు ఊళ్ళల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రతి ఏడూ మొదటి వారంలో పిల్లలందరి చోట్లలోనూ కాసేపు కూర్చునేదాన్ని. తోటి మాస్టార్లు వింతగా చూసేవారు. చూడనిచ్చాను. బస్సులో సీటు ఇమ్మని మాత్రం నేనిప్పటికీ ఎవరినీ అడగను, నిలబడతాను. అది వేరే సంగతి.

అత్తయ్య మా ఇంట్లో ఉన్నది ఒక వానాకాలం, ఒక చలికాలం. ఆ తరవాత నేను బతికిన కాలమంతా ఆ రెండిటి లోపలే నడిచినట్టు ఉంటుంది. నేను ఎనిమిదో తరగతిలో చేరిన నెలలో, చెరువు కింద మిగిలి ఉన్న మా చివరి మాగాణి అమ్మేశారు. కొన్నాయన కూతురు ఆ ఏడు తరగతిలో నా పక్కనే కూర్చునేది.